కాజాలే మిగిలాయి

తొమ్మిదేళ్ళ వయసులో నేను నేర్చుకున్న మొదటి అబద్ధం "కాజాలే మిగిలాయండీ." నేర్పింది మా నాన్న.

తెనాలిలో నాన్నకి టైలరింగ్ షాపు ఉండేది. షాపంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, గోడకి నిలువుటద్దం, అద్దం పైన వెంకటేశ్వరస్వామి, కింద పీలికల గుట్ట. సంక్రాంతికి నెల ముందు నుంచీ బడి వదలగానే నేను ఆ గుట్ట మీదే ఉండేవాణ్ణి. హోంవర్కూ అక్కడే, నిద్రా అక్కడే. బట్టలివ్వాల్సిన ఆసామి గుమ్మంలో కనబడగానే నాన్న తల దించుకుని మిషను గిర్రున తొక్కేవాడు, ఆ చప్పుడులో లోకమే వినబడనట్టు. మాట్లాడాల్సింది నేను. "అయిపోయిందండీ, కాజాలే మిగిలాయి. రేపు సాయంత్రం రండి."

చొక్కా మొత్తం తయారైపోయింది, బొత్తాలు దూర్చే కాజాలు చేత్తో కుట్టడం ఒక్కటే తరువాయి అని దానర్థం. అసలు సంగతేమిటంటే ఆ బట్ట కొట్టువాడు మడిచిన మడత మడతలాగే బల్ల కింద ఉండేది. కత్తెర మొహం కూడా చూసి ఉండదు. అయినా కాజాల మాటలో ఏదో మహిమ ఉంది. 'ఇంకా కోయలేదు' అంటే మీదికొచ్చే మనిషి, 'కాజాలే మిగిలాయి' అంటే పెళ్ళికూతురు గుమ్మం దాకా వచ్చేసినంత నెమ్మదించి వెళ్ళిపోయేవాడు.

ఒక మాస్టారు మాత్రం వరసగా ఐదు సాయంత్రాలు వచ్చాడు. ఐదో రోజు నేను నోరు తెరవబోతుంటే చెయ్యెత్తి ఆపి, "ఒరేయ్ అబ్బాయ్, ఇన్ని కాజాలు తాపేశ్వరంలో కూడా చెయ్యరు కదరా! మీవి మడత కాజాలా, గొట్టం కాజాలా?" అన్నాడు. నాన్న మిషను ఆపి మరీ నవ్వాడు. ఆ రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని ఆయన చొక్కా కుట్టేశాడు. తెల్లారి నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. నాలుగో కాజా దగ్గర దారం ఇంకా వేలాడుతూనే ఉంది.

అబద్ధం నేర్పాడు గానీ మిషను మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు. "సూది పట్టుకున్నవాడికి సూదే మిగులుతుంది, పుస్తకం పట్టుకో" అనేవాడు. పట్టుకున్నాను. ఇప్పుడు గుంటూరులో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. యాభై మూడేళ్ళొచ్చాయి. చొక్కా బొత్తాం ఊడితే పిన్నీసు పెట్టుకుని క్లాసుకి పోతాను. టైలరు కొడుకు పిన్నీసుతో తిరగడం చూసి మా అటెండరు ఒకసారి జాలిపడి తనే కుట్టిపెట్టాడు.

షాపు ఎత్తేశాక నాన్న మా ఇంటికొచ్చాడు. ఆయన వెంట ఉషా మిషనూ వచ్చింది. నల్లటి ఒళ్ళు, దాని మీద చెరిగిపోతున్న బంగారు రంగు పూలు, ఇనప స్టాండు. మా ఆవిడ దాని మీద పాత దుప్పటి కప్పి, పైన మనీప్లాంటు కుండీ పెట్టింది. నాన్న ఏమీ అనలేదు. కుండీకి నీళ్ళు పోసినప్పుడల్లా మిషను మీద ఒక్క చుక్క పడకుండా దగ్గర నిలబడి చూసుకునేవాడు, అంతే.

మొన్న వేసవిలో మా ఆవిడ ఒక బొటిక్‌లో జాకెట్టు కుట్టించుకుంది. చీర 1,000 రూపాయలు, జాకెట్టు కుట్టుకూలి 1,200. సరే, రోజులట్లా ఉన్నాయి. కానీ అది తొడుక్కుంటే చెయ్యి భుజం దాటి పైకి లేవదు. "పెళ్ళిలో అక్షింతలు వెయ్యాలంటే దగ్గరికెళ్ళి జేబులో పెట్టి రావాలి" అంది. నాన్న ఆ జాకెట్టు అడిగి తీసుకుని తిరగేసి చూశాడు. పక్క కుట్ల దగ్గర బొటనవేలితో నిమిరి, "లోపల బట్ట వదల్లేదమ్మా, విప్పినా లాభం లేదు" అన్నాడు. మనవాళ్ళ జాకెట్లకి పక్కల మూడేసి, నాలుగేసి కుట్లు వరసగా ఎందుకుంటాయో మీకు తెలిసే ఉంటుంది. ఒళ్ళు వచ్చినకొద్దీ లోపలి నుంచి ఒక్కోటి విప్పుకుంటూ పోవడానికి. పెళ్ళికి మొదటి కుట్టు, సీమంతానికి రెండో కుట్టు, తర్వాత లెక్క ఎవరూ చెప్పరు. మా నాన్న ఎవరి కొలతలు తీసుకున్నా పెరిగిన అంగుళం పైకి చెప్పేవాడు కాదు. పుస్తకంలో రాసుకుని ఊరుకునేవాడు. టైలరుకీ డాక్టరుకీ ఉండాల్సిన గుణం అదేనంటాడు.

నేను ఊరుకుని ఉంటే సరిపోయేది. "ఆ 1,200 నాకివ్వు, నేను కుడతాను. కుట్టడంలో ఏముంది? అంతా రేఖాగణితమే. చెయ్యి ఒక శంకువు, ఒళ్ళు ఒక స్తూపం" అన్నాను.

ఒళ్ళు స్తూపం అన్నందుకు ఆ పూట కాఫీ రాలేదు.

నాన్న పేపరు వెనక నుంచి అడిగాడు. "దారం ఎక్కించడం వచ్చట్రా?"

రాదు. వచ్చినా ఎక్కించనివ్వలేదు. మొదటి వారమంతా దారం లేకుండానే కుట్టమన్నాడు. రూళ్ళ నోటుబుక్కు కాగితం పాదం కింద పెట్టి, గీత తప్పకుండా బెజ్జాలు పడాలి. చూసేవాళ్ళకి తేలిగ్గానే ఉంటుంది. కాలు మడమా వేళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ పోవాలి. లయ తప్పిందా, చక్రం వెనక్కి తిరుగుతుంది. దారమే ఉంటే పుటుక్కున తెగేది. అందుకే దారం ఇవ్వలేదని తర్వాత తెలిసింది. ఇంకో సంగతి, కాగితాన్ని నేను వెనక నుంచి లాగుతున్నాను, బండి కదలకపోతే తోసినట్టు. "లాగకు. కింద పళ్ళున్నాయి, అవే తీసుకుంటాయి. నువ్వు దారి చూపించు చాలు. లాగితే సూది వంగుతుంది, వంగిన సూది ప్లేటుకి తగిలి విరుగుతుంది" అన్నాడు. ఆ వారం సూదులు మూడు విరిగాయి. మా ఇంట్లో రూళ్ళ కాగితాలన్నీ చిల్లుల జల్లెళ్ళయ్యాయి. మా అమ్మాయి డిగ్రీ రికార్డులో రెండు పేజీలు కూడా పోయాయిట. ఆ కేసు ఇంకా నడుస్తోంది.

రెండో వారం దారం. ఉండ నుంచి దారం బయల్దేరి, రెండు చిన్న పళ్ళేల మధ్య నుంచి నలిగి, పైకీ కిందికీ ఊగే చెయ్యి ఎక్కి దిగి, చివరికి సూది బెజ్జంలోకి రావాలి. చేతి సూదికి బెజ్జం వెనక ఉంటుంది కదా, మిషను సూదికి మొన దగ్గర ఉంటుంది. కీలకమంతా అందులోనే ఉంది. సూది దిగి, లేవబోతూ కింద చిన్న ఉచ్చు వదులుతుంది. ఆ ఉచ్చులోంచి బాబిన్ దారం దూరిపోతుంది. రెండూ బట్ట మధ్యలో ముడిపడతాయి. అమెరికాలో ఎలియాస్ హోవే అనే ఆయన 1846లో ఈ రకం కుట్టుకి పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు 1830లో ఫ్రాన్సులో తిమోనియే అనే దర్జీ ఒక కుట్టు మిషనుకి పేటెంటు తెచ్చుకుని పారిస్‌లో మిషన్లు పెట్టిస్తే, మిగతా దర్జీలు గుంపుగా వచ్చి వాటిని విరగ్గొట్టారు. కూలి పోతుందని వాళ్ళ బాధ. మొదటి సాయంత్రం పూర్తయ్యేసరికి వాళ్ళ మీద నాకు అపారమైన సానుభూతి కలిగింది. నాదీ అదే ఉద్దేశం, కారణాలు వేరు.

ఎందుకంటే పైన కుట్టు అందంగా వస్తోంది, బట్ట తిరగేస్తే కింద దారమంతా పీచు మిఠాయి. కింద గోల కాబట్టి తప్పు బాబిన్‌దే అని బాబిన్ మూడుసార్లు చుట్టాను. బాబిన్ కేసు స్క్రూ బిగించాను, వదులు చేశాను, అది ఊడి మంచం కిందకి దొర్లితే టార్చి వేసి వెతికాను. నాన్న ఇదంతా గంటసేపు చూసి, "కింద గోలగా ఉంటే పైన చూడాలిరా" అన్నాడు. పై దారం ఆ రెండు పళ్ళేల మధ్య కూర్చోలేదు, పక్క నుంచి జారిపోతోంది. పట్టుకునేవాడు లేక కింద ఇష్టమొచ్చినట్టు ఉండలు కడుతోంది. మా కాలేజీలో కూడా పిల్లలు కారిడార్లో అరుస్తున్నారంటే ప్రిన్సిపాలు ఊళ్ళో లేడని అర్థం. ముప్ఫై ఏళ్ళుగా అక్కడ పనిచేస్తూ కూడా ఈ పోలిక తట్టలేదు నాకు.

కుట్టు మిషనంటే గాంధీగారికి కూడా ఇష్టమే. యంత్రాలంటే అంత గుర్రుగా ఉండే మనిషి, 1924లో తనని అడిగినప్పుడు సింగర్ మిషనుకి మాత్రం మినహాయింపు ఇచ్చాడు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే అవస్థ చూడలేక, ప్రేమకొద్దీ సింగర్ దాన్ని తయారుచేశాడని ఆయన నమ్మకం. ఈ కథ మా ఆవిడకి చెప్పాను, నేనూ ఆ కోవలోవాణ్ణే అని తెలియాలని. తర్వాత చదివితే తేలిందేమిటంటే, 1851లో పేటెంటు తీసుకున్న ఆ ఐజాక్ సింగర్‌కి ఒకటి కాదు, పలు సంసారాలు, ఇరవై మందికి పైగా పిల్లలు. ఏ ఇల్లాలి అవస్థ చూసి ఆయన గుండె కరిగిందో తేల్చడం కష్టం. ఆ భాగం ఇంట్లో చెప్పలేదు.

మొదటి పని దిండు గలీబు. మంగళగిరి కాటన్ తెచ్చాను. నాలుగు నిలువు కుట్లు, శంకువుల్లేవు, స్తూపాల్లేవు. కత్తెర తీస్తుంటే నాన్న "తడిపావా?" అన్నాడు.

"కొత్త బట్ట నాన్నా, మురికేముంటుంది?"

నాన్న పేపరు పేజీ తిప్పాడు. ఆయన పేపరు పేజీ తిప్పితే ఏదో మునుగుతోందని ఇప్పుడు నాకు తెలుసు. అప్పటికి తెలీదు. గలీబు బ్రహ్మాండంగా వచ్చింది. దిండు తొడిగి హాల్లో సోఫా మీద పెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపించాను. మొదటి ఉతుకుతో కుంచించుకుపోయింది. మగ్గం మీద నూలు బిగలాగి నేస్తారు కదా, ఆ బిగువు బట్టలో అట్లాగే ఉండిపోతుంది. పైన గంజి కూడా. నీళ్ళు తగలగానే పోగు ఊపిరి పీల్చుకుని తన అసలు పొడుగుకి వెళ్ళిపోతుంది. అందుకని కాటన్ అయితే రాత్రి నానేసి, పొద్దున నీడలో ఆరేసి, కాస్త చెమ్మగా ఉండగానే ఇస్త్రీ చేసి, అప్పుడు కత్తెర పెట్టాలి. ఇప్పుడా దిండు గలీబులో పనసకాయని పిల్లాడి నిక్కర్లో కుక్కినట్టుంది. సగం దూరి, సగం బయటే.

"అంటే నాన్నా, అప్పట్లో మనం 'రేపు రండి' అన్నది బట్ట తడపాలనా?"

"కొన్నిసార్లు" అన్నాడు.

"మిగతా సార్లు?"

"మిగతా సార్లు కాజాలే."

ఆ మర్నాడు ఆయన ఒక పని చేశాడు, దాని ముందు నా డిగ్రీలు ఎందుకూ కొరగావనిపించింది. పీలికల సంచీలోంచి అరచెయ్యంత ముక్క తీసి నా చేతికిచ్చి, అంచు లేదు చూడు, దీనికి పడుగేది, పేకేది చెప్పమన్నాడు. నాకు రెండు పక్కలా ఒకేలా కనబడింది. ఆయన కళ్ళు మూసుకుని ముక్కని రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని చిన్నగా లాగాడు, టప్‌మంది. ఇంకో పక్కకి తిప్పి లాగాడు, ఆ చప్పుడు కాస్త మెత్తగా వచ్చింది. "మొదటిది పడుగు, ఇది పేక" అన్నాడు. పడుగు మగ్గం మీద నిలువుగా బిగించిన పోగు, లొంగదు. పేక అడ్డంగా దూరిన పోగు, కాస్త ఇస్తుంది. తర్వాత ముక్కని మూల నుంచి మూలకి లాగాడు. రబ్బరులాగా సాగింది. దాన్ని ఆయన 'క్రాస్' అంటాడు. జాకెట్టు మెడ చుట్టూ వేసే పట్టీ క్రాస్‌లో ఎందుకు కోస్తారంటే అందుకే. నిలువుగా కోసిన పట్టీ గుండ్రటి మెడ దగ్గర ఒంగదు, ముడతలు పడి అలుగుతుంది. ఆయన వేళ్ళ చివర్లు డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో కూడా అరిగిపోయి నున్నగా, సూదిపోట్ల చిన్న చిన్న మచ్చలతో ఉన్నాయి. నేను వాటిని అంత దగ్గరగా చూడ్డం అదే మొదటిసారి. లెక్కల్లో ఫస్టు మార్కుల కోసం పుస్తకాలే చూశాను కదా.

అయినా గర్వం చావలేదు. మా అమ్మాయికి అంబ్రెల్లా లంగా కుడతానన్నాను, ఎందుకంటే అది వృత్తం. వృత్తం నాది. పెడన కలంకారీ నాలుగున్నర మీటర్లు తెచ్చాను, 44 అంగుళాల పన్నా, ఒంటినిండా నెమళ్ళు. ఈసారి తడిపాను. నడుం 28 అంగుళాలు. చుట్టుకొలత 28 అయితే వ్యాసార్థం ఎంత? రెండు పైతో భాగిస్తే 4.46. కాగితం మీద ఘనంగా రాసి నాన్నకి చూపించాను.

"ఆరో వంతు తీసి, పావు అంగుళం తగ్గించు" అన్నాడు కాగితం చూడకుండానే.

28లో ఆరో వంతు 4.67. పావు తగ్గిస్తే 4.42. నా లెక్కకీ ఆయన లెక్కకీ తేడా ఒక చాక్ గీత మందం కూడా లేదు. ఆర్యభట్టు నుంచీ అందరూ తలలు పగలగొట్టుకున్న పై విలువని ఆయన పావు అంగుళంతో సరిపెట్టేశాడు. పైగా ఆయనదే కరెక్టు. గుండ్రంగా కోస్తే చుట్టూ నాలుగుచోట్ల క్రాస్ వస్తుంది, పట్టీ వేసేలోపే నడుం దగ్గర సాగుతుంది. ఆ సాగుడు నా సూత్రంలో లేదు.

ముప్పై ఆరు అంగుళాల పొడుగు, పైన నడుం వృత్తం, కింద మడతకి అర అంగుళం. మొత్తం 41 వచ్చింది. పన్నా 44 కాబట్టి ఒక్క వృత్తంగా రాదు, రెండు అర్ధవృత్తాలు కోసి పక్కల అతకాలి. ఒక్కోదానికి 82 అంగుళాల పొడుగు బట్ట. కాగితం మీద ఒక్క అంగుళం తప్పు లేదు. కోశాను. నాన్న పేజీ తిప్పాడు.

నాకు అనుమానమొచ్చింది గానీ అప్పటికే ఆలస్యమైంది. అర్ధవృత్తం నేల మీద పరిస్తే అన్ని నెమళ్ళూ ఒకే దిక్కు చూస్తున్నాయి, బావున్నాయి. మనిషి నడుముకి చుడితే కదా తెలిసేది! కుడిపక్క నెమళ్ళు నిలబడ్డాయి. ముందువైపు నెమళ్ళు శేషతల్పం మీద పడుకున్నాయి. ఎడమపక్కవి శీర్షాసనం వేశాయి. వృత్తానికి దిక్కు లేదు, నెమలికి ఉంది.

"ముందే చెప్పొచ్చు కదా నాన్నా!"

"నువ్వు లెక్క అడిగావు, లెక్క చెప్పాను. నెమళ్ళ గురించి అడగలేదు."

సరే, కింద మడత కుట్టబోతే దానికీ అడ్డొచ్చాడు. నడుం పట్టీ వేశాక లంగాని ఒక రాత్రంతా కొక్కేనికి వేలాడదియ్యమన్నాడు. పొద్దున చూస్తే క్రాస్ వచ్చిన నాలుగుచోట్లా బట్ట తన బరువుకి తనే ముప్పావు అంగుళం జారి ఉంది. ఆ రాత్రే మడత కుట్టేసి ఉంటే నాలుగు మూలలా తోకలొచ్చేవి. జారినంత మేర కోసి, అప్పుడు మడిచాం. అంటే 'రేపు' అన్న మాటలో ఇదీ ఉందన్నమాట. నలభై ఏళ్ళ కిందట ఆ గుమ్మంలో నిలబడి నేను చెప్పినవన్నీ అబద్ధాలే అనుకుంటూ వచ్చాను. కొన్ని నిజాలు కూడా చెప్పి ఉంటాను, తెలియకుండా. లంగా వేసుకుని మా అమ్మాయి కాలేజీకి వెళ్ళొచ్చింది. ఏ డిజైనరు అని అడిగారట. పడుకున్న నెమళ్ళే అందరికీ నచ్చాయట.

ఇక జాకెట్టు. నాన్న కొత్త బట్ట మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. మా ఆవిడ ఆది జాకెట్టు పరిచి, పేపరు మీద గీసి, ముందు నా పాత పంచె మీద కోయించాడు. ముందు భాగం, వెనక భాగం, డాట్లు, నడుం పట్టీ, అన్నీ ఎట్లాగో కుదిరాయి. చెయ్యి దగ్గరే వచ్చింది చిక్కు. కోసి పరిస్తే చేతి ముక్క పైన చిన్న కొండలాగా లేస్తుంది. ఆ కొండ చుట్టుకొలత చంక చుట్టుకొలత కంటే కొంచెం ఎక్కువుంటుంది, ఆ ఎక్కువని ముడత కనబడకుండా సర్దుతూ కుట్టాలి. కొండ ముందువైపు లోతుగా, వెనకవైపు నిండుగా. నేను కుడి చెయ్యి ఎడమకీ, ఎడమ చెయ్యి కుడికీ వేసి, విప్పి, మళ్ళీ వేశాను. కుదరడం కోసం కొండని కాస్త చెక్కాను కూడా. మా ఆవిడ తొడుక్కుంది. చెయ్యి హాయిగా పైకి లేచింది. దించితే చంకలో బట్టంతా గుడ్డల మూటలాగా పోగయ్యింది. బొటిక్ జాకెట్టుకి చెయ్యి పైకి లేవదు, నా జాకెట్టుకి కిందకి దిగదు.

"కొండ ఎత్తు పెంచితే అందంగా కూర్చుంటుంది గానీ చెయ్యి లేవదు. తగ్గిస్తే చెయ్యి లేస్తుంది గానీ ముడతలు పడుతుంది. బొటిక్‌వాళ్ళు అందం చూసుకున్నారు, నువ్వు సుఖం చూశావు. మధ్యలో ఎక్కడో ఆగాలి" అన్నాడు నాన్న.

"ఎక్కడ ఆగాలి?"

"ఆ మనిషి ఇంట్లో ఏ పని చేస్తుందో చూసి ఆగాలి."

మా ఆవిడ చేతులు దించలేక అట్లాగే పైకెత్తుకుని వింటోంది.

అట్లా పంచె మీద రెండు జాకెట్లు, దుప్పటి మీద ఒకటి అయ్యాయి. ఇంతలో మా బావమరిది కూతురి పెళ్ళి దగ్గరపడింది. మా ఆవిడ పట్టు జాకెట్టు ముక్క కొని, "ఇది మీరే కుట్టాలి" అని నా చేతిలో పెట్టింది. అంత నమ్మకంతో పట్టు చేతిలో పెడితే మనిషికి చెయ్యి వణకదా? కాలేజీలో పరీక్షలు, పేపర్లు దిద్దడం, మధ్యలో రెండు రోజులు జ్వరం. పెళ్ళి ఎల్లుండి. నిన్న సాయంత్రం ఆవిడ పుట్టింటి నుంచి ఫోను చేసింది. నాకు మాట్లాడే ధైర్యం లేక మిషను ముందు కూర్చుని ఖాళీగా గబగబా తొక్కుతూ, ఫోను మా అమ్మాయికి ఇమ్మని సైగ చేశాను. చెప్పాల్సింది ముందే నేర్పాను.

"అమ్మా, అంతా అయిపోయిందట. హుక్కులూ కాజాలే మిగిలాయట. రేపు సాయంత్రానికి ఇస్తాడట" అంది మా అమ్మాయి. అక్కడితో ఆపితే బావుండేది. "ముక్క ఇంకా బీరువాలోనే ఉందని మాత్రం నీకు చెప్పొద్దన్నాడు" అని కూడా చెప్పింది.

నాన్న పేపరు దించాడు. మనవరాలి వంక, నా వంక మార్చి మార్చి చూశాడు.

"ఇవి తొమ్మిదేళ్ళకే నేర్పాలిరా" అన్నాడు.